బియ్యం డ్రమ్ములో దాచిన చీటీ

ఈ పేజీలో ఇప్పటిదాకా చాలానే రాశాం. తాత నెల్లూరు పక్క పల్లె నుంచి మెడ్రాసు హార్బరు పనికి ఎట్లా వచ్చాడో, తొండియార్‌పేటలో ఈ మిద్దె ఇల్లు ఎట్లా కట్టాడో, అవ్వ చేపల పులుసులో మామిడికాయ ముక్క ఎప్పుడు వేస్తుందో, అన్నీ రాశాం. వంశవృక్షం పెట్టినప్పుడు మాత్రం చిన్నమామ పేరు దగ్గర 'లారీ డ్రైవరు' అని రాసి ఊరుకున్నాం.

పోయిన సంక్రాంతికి అందరం ఇంట్లో కలిసినప్పుడు మామే అడిగాడు. "అందరి గురించీ రాశారు, నా గురించి ఒక్క ముక్కేనా?" మేము నీళ్ళు నమిలాం. "రాయండ్రా. పేరు మాత్రం వద్దు. ఇట్లాంటోడు ఇంకో ఇంట్లో ఉంటాడు, వాళ్ళకు పనికొస్తుంది" అన్నాడు. అత్త వంక చూశాం. ఆమె కూడా తల ఊపింది. అందుకే అక్కాతమ్ముళ్ళం ముగ్గురం కూర్చుని ఇది రాస్తున్నాం. మామ చదివించుకుని విన్నాడు, రెండు చోట్ల సరిదిద్దాడు.

మామ గంగయ్య తాత తర్వాత మా ఇంట్లో రెండో డ్రైవరు. హార్బరులో సరుకు ఎక్కించుకుని జీఎన్‌టీ రోడ్డు మీద గూడూరు, నెల్లూరు, ఒంగోలు దాటి విజయవాడ దాకా పోయేవాడు. మనిషి లెక్కల్లో దిట్ట. ఎన్ని మూటలు, మూటకు ఎంత బరువు, డీజిలు ఎంత, టోలు ఎంత, కాగితం లేకుండా చెప్పేవాడు. మా బడి లెక్కలు కూడా ఆయనే చూసేవాడు.

2005 కార్తీకంలో దగ్గు పట్టుకుంది. తగ్గలేదు. ఒళ్ళు సగమైంది. టీబీ అన్నారు. ఆ వెంటనే రక్తపరీక్ష చేసి హెచ్‌ఐవి ఉందన్నారు. సీడీ4 కణాలు బాగా పడిపోయాయి, టీబీ మందులు నాలుగు వారాలు వేసుకున్నాక తాంబరం పోయి ఆ మాత్రలు కూడా మొదలుపెట్టండి అని చీటీ రాసిచ్చారు. అప్పటికి ఏడాదిన్నర కిందటే, 2004 ఏప్రిల్ 1న, దేశంలో ఏఆర్‌టీ మాత్రలు ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట ఇచ్చిన కొద్దిచోట్లలో తాంబరం శానిటోరియం ఒకటి. అంటే మందు ఊళ్ళోనే ఉంది. బీచ్ స్టేషన్‌లో కరెంటు రైలు ఎక్కితే ఆసుపత్రి పేరుతోనే ఒక స్టేషను ఉంది, అక్కడ దిగితే చాలు.

మామ పోలేదు. ఆ క్యూలో నిలబడితే హార్బరు డ్రైవర్లు ఎవరో ఒకరు చూస్తారని భయం. నిజానికి చూసేవాడు కూడా అదే క్యూలో ఉంటాడు కదా అని ఇప్పుడు నవ్వుతాడు. అప్పుడు నవ్వు రాలేదు. సంగతి అవ్వకు, అత్తకు, పెద్దమామకు తప్ప ఎవరికీ తెలియదు. అత్త ఆ చీటీని ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డ్రమ్ములో అడుగున పెట్టింది. మా ముగ్గురికీ 'తాంబరం జబ్బు' అని మాత్రం తెలుసు. పెద్దదానికి అప్పుడు పదిహేడు, అది ఏ జబ్బో ఊహించగలిగిన వయసే.

టీబీ మందులతో దగ్గు తగ్గింది. 2006 వేసవి వచ్చింది. ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి చప్పుడైతే లేచి చూశాం. నెలల తరబడి మంచం దిగని మామ వీధి గడప కడుగుతున్నాడు. పాట పాడుతూ ముగ్గు కూడా తనే వేశాడు. అవ్వ కళ్ళనీళ్ళు పెట్టుకుని, మొక్కుకున్న దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టింది. ఆ మూడు రోజులు మా ఇల్లు పండగలా ఉంది. మామ లేచాడు, మామ నవ్వుతున్నాడు, అన్నం తింటున్నాడు.

ఆ సంతోషమే మమ్మల్ని మోసం చేసింది. మా బతుకులో మేము చేసిన పెద్ద పొరపాటు ఏది అంటే ఆ మూడు రోజులు సంతోషపడడమే అని చెబుతాం.

నాలుగో రోజుకు మామ నిద్ర పూర్తిగా మానేశాడు. అలసట లేదు. మాట ఆగదు. ఒక సంగతిలోంచి ఇంకో సంగతిలోకి దూకేవాడు. అంగడికి పోయి పన్నెండు స్టీలు బకెట్లు తెచ్చాడు. అవి ఎందుకంటే, మూడు లారీలు కొంటున్నాను, ఒక్కో లారీకి నాలుగు అన్నాడు. అత్త గొలుసు సేటు అంగడిలో తాకట్టు పెట్టి లారీకి బయానా ఇచ్చాడు. అవి అసెంబ్లీ ఎన్నికల రోజులు. డీఎంకే వాళ్ళు రంగుల టీవీ ఇస్తామని, రెండు రూపాయలకు కిలో బియ్యం ఇస్తామని చెబుతున్నారు. మామ వీధి మొదట్లో నిలబడి, తెలుగూ తమిళమూ కలిపి, నేను ఇంటికి రెండు టీవీలు ఇస్తాను అని ఉపన్యాసం చెప్పాడు. వీధి అంతా నవ్వింది. మేము కూడా కొంచెం నవ్వాం. అది ఇప్పటికీ గుర్తొస్తుంది.

తర్వాత నవ్వే సంగతి కాకుండా పోయింది. అడ్డం చెబితే కోపం. పెద్దమామ మీద చేయి చేసుకున్నాడు. పక్కింటివాళ్ళు తన మాటలు మిషన్‌లో పట్టుకుంటున్నారని గోడకు చెవి పెట్టేవాడు. అన్నింటికంటే మమ్మల్ని భయపెట్టింది ఇంకోటి. పాలవాడికి యాభై ఇచ్చి చిల్లర ఎంత రావాలో లెక్క తేల్చుకోలేక నాణేలు చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. లారీ సరుకంతా నోటిలెక్కతో చెప్పిన మనిషి! ఆ సంగతి ఎవరం పైకి అనలేదు.

మా పేట పేరు చెబితే పాతకాలం పట్నం వాళ్ళకు గుర్తొచ్చేది కార్పొరేషన్ అంటురోగాల ఆసుపత్రి. కలరా అంటే తొండియార్‌పేటే. కీళ్‌పాక్కం పేరు చెబితే గుర్తొచ్చేది పిచ్చాసుపత్రి. 1794లో కుంపిణీ కాలంలో పుట్టి 1871లో కీళ్‌పాక్కం చేరిన సంస్థ అది. అంత చరిత్ర ఉన్నా ఊళ్ళో ఆ పేరు వెక్కిరింతకే వాడతారు. ఒక పేరు అంటు, ఒక పేరు పిచ్చి. ఈ రెండు మాటలకూ జడిసే ఇంట్లో రెండూ ఒకే మనిషికి వచ్చాయి. దాంతో అవ్వ ముందు తాయెత్తు కట్టించింది. తర్వాత దిష్టి తీయించింది. ఆ తర్వాత ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకుపోయాం. ఆటోలో మామకు అటూ ఇటూ పెద్దమామ, పక్కింటి అన్న. ఎదుట అవ్వ, వెనకాల ఇంకో ఆటోలో మేము.

మేము ఎందుకంటే, తమిళంలో వివరంగా చెప్పడానికి. అవ్వకు వచ్చింది అంగడి తమిళం. డాక్టరు మర్యాదగానే అన్నీ అడిగాడు. ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎంత, తాగుడు ఉందా, ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా ఇట్లా వచ్చిందా. మేము చెబుతూ పోయాం. చివరికి అడిగాడు: "వేరే జబ్బు ఏదైనా ఉందా? ఏమైనా మందులు వాడుతున్నాడా?"

ఆ మాట అవ్వకు అర్థమైంది. మా వైపు తిరిగి, మొహంలో ఏ మార్పూ లేకుండా, తెలుగులో "ఆ తాంబరం ముక్క ఎత్తొద్దండి" అంది.

బయట ఊళ్ళల్లో పుట్టి పెరిగిన మనవాళ్ళకు ఇది తెలిసే ఉంటుంది. తెలుగు మనకు ఇంటి భాష మాత్రమే కాదు, గుట్టు భాష కూడా. బస్సులో, అంగడిలో, బేరం దగ్గర పక్కవాళ్ళకు తెలియకుండా మాట్లాడుకునేది అందులోనే. ఆరోజు మేము దాన్ని డాక్టరు ముందు వాడాం. తమిళంలోకి తిప్పి, "వేరే ఏమీ లేదు సార్" అన్నాం.

ఆయనకు తెలిసినంతలో ఆయన వైద్యం చేశాడు. తెలియని దానికి ఆయన్ని ఏమనగలం? ఉద్రేకం అణచడానికి ఒక సూది, మాత్రలు రాశాడు. మామూలు మోతాదే. రెండో రోజు రాత్రికి మామ మెడ ఒక పక్కకు తిరిగి బిగుసుకుపోయింది. దవడ కదలదు, నాలుక మడతపడింది, కళ్ళు మాత్రం మమ్మల్ని చూస్తున్నాయి. ఆ రాత్రే ఆటోలో పెద్దాసుపత్రికి పరిగెత్తాం. అక్కడా అదే ప్రశ్న వచ్చింది. అవ్వ నోరు తెరిచేలోపల అత్త కొంగులోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టింది. బియ్యం డ్రమ్ములోంచి ఎప్పుడు తీసిందో మాకు తెలియదు. కవరుకు ఇంకా తవుడు అంటుకుని ఉంది.

ఆ చీటీ చూడగానే అన్నీ మారిపోయాయి. బిగుసుకుపోయిన మెడకు సూది వేస్తే గంటలో సడలింది. మరునాడు పెద్ద డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పిన మాటలు, తర్వాత సంవత్సరాల్లో మేము చదివి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాం.

హెచ్‌ఐవి ఒంట్లోకి వచ్చిన కొద్దివారాల్లోనే మెదడులోకీ చేరుతుంది. మందు లేకుండా ఉండిపోయి సీడీ4 బాగా తగ్గినప్పుడు, మెదడు దెబ్బతిని, కొందరికి ఇట్లా ఉన్మాదం వస్తుంది. దాన్నే డాక్టర్లు మేనియా అంటారు. ఇది మామూలు బైపోలార్ జబ్బులో వచ్చేదానికి కొంచెం తేడాగా ఉంటుంది. బైపోలార్ అయితే చాలామందికి చిన్న వయసులోనే మొదలవుతుంది, కుటుంబంలో ఇంకెవరికైనా ఉండొచ్చు. హెచ్‌ఐవి ముదిరి వచ్చేది తర్వాతి వయసులో, ఇంట్లో ఎవరికీ లేకపోయినా రావచ్చు. సంతోషం కంటే చిరాకు ఎక్కువ. అనుమానాలు, లేనివి వినబడడం ఎక్కువ. దాంతోపాటు మతిమరుపు, లెక్క తప్పడం, బుద్ధి మందగించడం ఉంటాయి. పాలవాడి చిల్లర దగ్గర మామ నిలబడిపోయింది అందుకే. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు 1993లోనే ఈ తేడా గురించి రాశారు. మామకు జబ్బు చేసిన 2006లోనే ఉగాండా డాక్టర్లు తమ దగ్గరి రోగుల్లో ఇవే లక్షణాలు చూసి ప్రకటించారు. కంపాలాలో చూసింది తొండియార్‌పేటలో మా ఇంట్లోనూ కనబడింది.

అయితే హెచ్‌ఐవి ఉన్నవాడికి మేనియా వస్తే అది వైరస్ వల్లే అని వెంటనే చెప్పేయడానికి లేదు. అంతకు ముందునుంచే బైపోలార్ ఉండొచ్చు. మెదడుకు పట్టే ఇతర ఇన్‌ఫెక్షన్లు ఉండొచ్చు: క్రిప్టోకాకల్ మెదడువాపు, టాక్సోప్లాస్మా, ముదిరిన సిఫిలిస్. మందుల వల్ల కూడా రావచ్చు. టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్, వాపుకు ఇచ్చే స్టెరాయిడ్లు, ఆ రోజుల్లో ఎక్కువగా వాడిన ఎఫావిరెంజ్ మాత్ర, ఇవన్నీ కొందరి మనసును కదిలిస్తాయి. అందుకే మామకు తల స్కాన్ తీశారు, వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేశారు. వేరే ఇన్‌ఫెక్షన్ ఏదీ దొరకలేదు. అప్పుడే డాక్టరమ్మ "వైరస్సే చేస్తోంది, ముందు దాన్ని అణచాలి" అంది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. హెచ్‌ఐవి ముదిరినవాళ్ళ మెదడు మనసు మందులకు త్వరగా బిగుసుకుపోతుంది. అందువల్ల తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. ఆ మొదటి డాక్టరుకు మేము ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన కూడా అట్లాగే చేసేవాడేమో.

మామ మూడు వారాలు వార్డులో ఉన్నాడు. మనసుకు తక్కువ మోతాదులో మాత్రలు, ఒంటికి ఏఆర్‌టీ. ఈసారి తాంబరానికి అత్త వెంటపోయింది. ఒకసారి మేము కూడా పోయాం. మామ భయపడిన ఆ క్యూలో ఎవరూ ఎవరి మొహాలూ చూడడంలేదు, అందరూ చేతిలో టోకెన్ నంబరే చూసుకుంటున్నారు. మొదట మాట వేగం తగ్గింది, తర్వాత నిద్ర వచ్చింది. లెక్క రావడానికి మాత్రం దాదాపు ఏడాది పట్టింది. గొలుసు విడిపించడానికి రెండేళ్ళు పట్టింది. లారీ బయానా వెనక్కి రాలేదు. పన్నెండు బకెట్లలో నాలుగు ఇప్పటికీ మిద్దె మీద ఉన్నాయి, వాటిలోనే వడియాల పిండి కలుపుతాం.

ఉద్రేకం పోయాక మామకు చాలా రోజులు సిగ్గు పట్టుకుంది. వీధిలో ఉపన్యాసం చెప్పిన చోట తల వంచుకుని నడిచేవాడు. మేనియా దిగాక వచ్చే ఆ దిగులు కూడా జబ్బులో భాగమే, ఆ రోజుల్లోనే మనిషిని ఒంటరిగా వదలకూడదు అని మాకు చెప్పారు. పెద్దమామ దెబ్బ తిన్నది మరిచిపోయినట్టే రోజూ సాయంత్రం వచ్చి పక్కన కూర్చునేవాడు. ఆయనే పక్కనుండి మళ్ళీ వీధిలోకి నడిపించాడు.

అత్త కూడా అప్పుడు పరీక్ష చేయించుకుంది. ఆ ఫలితం ఆమె సొంతం. ఇక్కడ రాయడం లేదు.

అవ్వను తప్పుబట్టడానికి ఇది రాయడం లేదు. ఆమె భయం ఊరకే వచ్చింది కాదు. 1986లో ఈ దేశంలో హెచ్‌ఐవి మొట్టమొదట బయటపడింది మా పట్నంలోనే. మద్రాస్ మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని నిర్మల ఆ నమూనాలు సేకరించి వెల్లూరులో పరీక్ష చేయించారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఈ జబ్బు వచ్చినవాళ్ళను ఇళ్ళు ఖాళీ చేయించడం, పిల్లల్ని బడిలోంచి పంపేయడం అవ్వ వింటూనే ఉంది. ఇంట్లో పెళ్ళికావలసిన ఆడపిల్లలం ఉన్నాం. ఆమె కాపాడాలనుకున్నది మమ్మల్నే.

గుట్టు వేరు, దాపరికం వేరు అని తెలియడానికి మాకు ఇన్నేళ్ళు పట్టింది. వీధికి చెప్పకపోవడం గుట్టు. దానికి ఇప్పుడు చట్టం కూడా అండగా ఉంది. 2017 ఏప్రిల్‌లోనే, రెండు వారాల తేడాతో, రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి మానసిక ఆరోగ్య చట్టం, ఇంకోటి హెచ్‌ఐవి చట్టం. రెండూ రోగి సంగతి బయటపెట్టకూడదనే చెబుతాయి, వివక్ష చూపకూడదనే చెబుతాయి. మామలాంటివాళ్ళకు రెండూ వర్తిస్తాయి. కానీ డాక్టరుకు చెప్పకపోవడం గుట్టు కాదు, అది మనిషికే ముప్పు.

ఎందుకంటే ఈ రెండు జబ్బుల మందులు ఒకదానితో ఒకటి తగువులాడతాయి. మూడ్ కోసం ఇచ్చే కార్బమజెపిన్ ఇప్పటి డోలుటెగ్రావిర్ మాత్ర బలాన్ని తగ్గించేస్తుంది. మనసు బాగవుతుంది, వైరస్ మళ్ళీ లేస్తుంది. లిథియం కిడ్నీల మీద భారం, టెనోఫోవిర్ కూడా కిడ్నీల మీదే. విరేచనాలు పట్టుకుని నీరు తగ్గితే లిథియం విషంగా మారొచ్చు. అందుకని ఈ మందులు వాడకూడదని కాదు, రక్తపరీక్షలు చూసుకుంటూ వాడాలి. రెండు జబ్బులూ తెలిసిన డాక్టరైతేనే ఏది సరిపోతుందో చూసి ఎంచుకుంటాడు. ఇంట్లోవాళ్ళం మనంతట మనం ఏ మాత్రా ఆపకూడదు, ఏఆర్‌టీ అసలే ఆపకూడదు.

మీ ఇంట్లో ఇట్లాంటి మనిషి ఉంటే మా అనుభవం నుంచి ఒక్కటే గుర్తు చెబుతాం: నిద్ర. రెండు రాత్రులు నిద్ర లేకపోయినా అలసట లేకుండా హుషారుగా తిరుగుతుంటే, కోలుకున్నాడని సంతోషపడకండి, డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. డబ్బు, నగలు ముందు భద్రం చేయండి. వాదించకండి. ఎవరికి చెప్పాలో తెలియకపోతే 14416 టెలీ మానస్ ఉంది, అక్కడ తెలుగులోనూ మాట్లాడొచ్చు. హెచ్‌ఐవి సంగతులకు 1097 ఉంది. రెండూ ఉచితమే. విదేశాల్లో ఉండేవాళ్ళయితే ఆసుపత్రిలో దుబాసీని అడగండి. ఇంటి పిల్లల చేత చెప్పించకండి. ఆ బరువు పిల్లలు మోయాల్సింది కాదు. మాకు తెలుసు.

అవ్వ 2014లో పోయింది. పోయే ముందు ఏడాది ఒకసారి మాతో, "ఆరోజు మిమ్మల్ని అబద్ధం చెప్పించాను కదా" అంది. మేము ఏమీ అనలేకపోయాం. చేయి పట్టుకున్నాం అంతే.

మామ ఇప్పుడు రోజుకు ఒక మాత్ర వేసుకుంటాడు. మనసు మాత్రలు డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించి ఆపేశారు, మళ్ళీ ఆ జబ్బు రాలేదు. లారీ మానేసి ఇంటి ముందు చిన్న అంగడి పెట్టుకున్నాడు. చిల్లర లెక్క ఒక్క రూపాయి తప్పదు. మా పిల్లల లెక్కలు కూడా ఇప్పుడు ఆయనే చూస్తున్నాడు. ఆయన చీటీలన్నీ, ఒంటివీ మనసువీ, అత్త ఒకే కవర్లో పెట్టి బీరువాలో ఉంచింది. ఏ డాక్టరు దగ్గరికి పోయినా ఆ కవరు మొత్తం తీసుకుపోతుంది.